రోబో గారూ, కాస్త మెల్లగా!

గూగుల్ ఇంకా స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థుల ప్రయోగంగా ఉన్న రోజులవి. లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998 నాటి తమ పరిశోధన పత్రంలో క్రాలర్‌తో పడ్డ పాట్లు కూడా రాశారు. క్రాలర్ అంటే సైట్లన్నీ తిరిగి పేజీలు చదువుకొచ్చే ప్రోగ్రాం. అది ఐదు లక్షలకు పైగా సర్వర్లను పలకరించేసరికి ఈమెయిళ్లూ ఫోన్లూ మొదలయ్యాయి. మా సైట్లో ఇన్ని పేజీలు చూశారే, మీకు నచ్చిందా అని అమాయకంగా అడిగేవాళ్లు దాదాపు రోజూ తగిలేవారట. ఒకసారి ఆ క్రాలర్ ఏదో ఆన్‌లైన్ ఆటలోకి దూరి, ఆట మధ్యలో చెత్త సందేశాలు కుమ్మరించింది. జోరు మీదుంటే సెకనుకు 100 పేజీలు దాటించే ప్రోగ్రాంకు ఆటేదో పేజీ ఏదో ఏం తెలుస్తుంది?

ఇలాంటి చుట్టాలకు హద్దులు చెప్పే ‘రోబోట్స్ డాట్ టీఎక్స్‌టీ’ అనే ఫైలు అప్పటికే ఉంది. 1994లో మార్టెయిన్ కోస్టర్ దాన్ని ప్రతిపాదించాడు. తాను రాసిన మొరటు క్రాలర్ కోస్టర్ సర్వర్ మీద పడటమే అందుకు కారణమని చార్లెస్ స్ట్రాస్ చెప్పుకున్నాడు. ఆ స్ట్రాసే తర్వాత సైన్స్ ఫిక్షన్ రచయితగా పేరు తెచ్చుకున్నాడు. తమాషా ఏమిటంటే, లోకమంతా పాటించిన ఈ పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 9309 పేరుతో అధికారిక ప్రమాణ పత్రంగా వెలువడింది 2022 సెప్టెంబరులో. అంటే 28 ఏళ్లు అనధికారిక ఒప్పందం మీదే నడిచింది.

ఆ ప్రమాణంలో ఎక్కడికి రావొద్దో చెప్పే వీలుంది గానీ, ఎంత మెల్లగా రావాలో చెప్పే వీల్లేదు. అందుకు ‘క్రాల్ డిలే’ అనే అదనపు వరుస వాడుకలోకి వచ్చింది. బింగ్ దాన్ని మన్నిస్తుంది. గూగుల్ అసలు పట్టించుకోదు. రష్యాకు చెందిన యాండెక్స్ 2018లో మానేసింది. మన్నించే రోబోతోనైనా లెక్క చూసుకుని పెట్టాలి. 10 సెకన్ల విరామం అంటే రోజుకు గరిష్ఠంగా 8,640 పేజీలు. లక్ష పేజీల సైటును ఒక చుట్టు చుట్టడానికి పదకొండు రోజుల పైమాటే. ఈలోగా నిన్నటి వార్త పాచిపోతుంది.

సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో వేగం తగ్గించుకునే మీట ఒకటి ఉండేది. 2024 జనవరి 8న దాన్ని తీసేశారు. వాడేవాళ్లే తక్కువ, వాడినవాళ్లలో చాలామంది వేగాన్ని అట్టడుక్కి దించేసి వదిలేస్తున్నారు, పైగా అమలుకు రోజుకు పైగా పట్టవచ్చు అన్నది గూగుల్ వాదన. ఇప్పుడు బాటే, అంటే క్రాలరే, సర్వర్ నాడి పట్టి చూస్తుంది. జవాబులు చకచకా వస్తే జోరు పెంచుతుంది, ఆలస్యమైనా, సర్వర్ లోపాన్ని తెలిపే 500 శ్రేణి సంకేతాలు ఎదురైనా తగ్గుతుంది. వాదన సబబే, కానీ బ్రేకు మాత్రం యజమాని కాలి కింద నుంచి పోయింది.

మరీ ఊపిరాడకపోతే 503 గానీ 429 గానీ సంకేతాన్ని జవాబుగా పంపండి, తగ్గుతాం అంటుంది గూగుల్. కొన్ని గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు. అంతకు మించితే ఆ పేజీలు సెర్చ్‌లోంచే జారిపోవచ్చు. 403, 404 పంపి బాట్‌ను తరిమేవాళ్లూ ఉన్నారు. వాటితో వేగం తగ్గదు, పేజీలు మాత్రం గల్లంతవుతాయి. పైగా రోబోట్స్ ఫైలు అడిగినప్పుడే 403 ఇస్తే, ఆంక్షలేమీ లేవన్నమాట అనుకుని బాట్ దర్జాగా లోపలికొస్తుంది!

‘మీ క్రాల్ బడ్జెట్ (బాట్ మీ సైటుకు కేటాయించే రాకల కోటా) అయిపోతోంది’ అని చిన్న సైట్లవాళ్లను భయపెట్టి ఫీజులు గుంజేవాళ్ల మాట నమ్మక్కర్లేదు. వారానికోసారి మారే 10 లక్షల పేజీలో, రోజూ మారే 10 వేల పేజీలో ఉన్నవాళ్లకే ప్రధానంగా ఆ చింత అని గూగుల్ మార్గదర్శకమే చెబుతోంది. అసలు తిప్పలు సైట్లలో పెట్టే క్యాలెండర్ల దగ్గర. ‘వచ్చే నెల’ లింకుకు అంతం లేకపోతే, బాట్ నొక్కుకుంటూ క్రీ.శ. 3000 దాకా వెళ్లగలదు.

సైట్‌మ్యాప్‌లో (సైటులోని పేజీల జాబితా ఫైలులో) ‘ఈ పేజీ రోజూ మారుతుంది’ అని రాసుకునే వరుసను గూగుల్ చదవదు. చివరిసారి మారిన తేదీని చూస్తుంది, అదీ నిజమని నమ్మకం కుదిరితేనే.

బాట్ల రాకపోకల తగువు కోర్టుకూ ఎక్కింది. వేలం ధరలు పోల్చి చూపే బిడర్స్ ఎడ్జ్ అనే సంస్థ బాట్లు రోజుకు సుమారు లక్షసార్లు ఈబే తలుపు తట్టేవి. ఈబేకు వచ్చే మొత్తం అభ్యర్థనల్లో అది ఒకటిన్నర శాతం. ఆ మాత్రానికేనా అనిపిస్తుంది. కానీ ఒకరిని వదిలేస్తే అందరూ ఎగబడతారని 2000 మేలో కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు ఈబే వైపే మొగ్గి, బాట్లను ఆపమంది.

ఎగబడటమంటే ఏమిటో ఇప్పుడు వికీమీడియాకు తెలుస్తోంది. తెలుగు వికీపీడియాతో సహా అన్ని భాషల వికీలనూ నడిపే ఆ సంస్థ 2025 ఏప్రిల్‌లో లెక్క చెప్పింది: పేజీ వీక్షణల్లో బాట్ల వాటా 35 శాతమే, ఖరీదైన ట్రాఫిక్‌లో మాత్రం 65 శాతం. మనుషులు నలుగురూ చూసేదే చూస్తారు కాబట్టి దగ్గరి తాత్కాలిక నిల్వ అయిన కాష్‌లోంచి అందించొచ్చు. బాట్లు ఎవరూ తెరవని పేజీలన్నీ తిరగేస్తాయి, ప్రతిదానికీ అసలు డేటా సెంటర్ దాకా వెళ్లాల్సిందే. ఏఐకి మేత సేకరించే ఈ కొత్త క్రాలర్ల కోసమే 2025 జులైలో వెబ్ సేవల సంస్థ క్లౌడ్‌ఫ్లేర్ 402 అనే సంకేతాన్ని దుమ్ము దులిపి బయటికి తీసింది. ‘డబ్బు కట్టాలి’ అని దాని అర్థం. వెబ్ తొలినాళ్ల నుంచీ జాబితాలో ఉన్నా దాదాపు ఎవరూ వాడని అంకె అది.