వెలిగి ఆరాలి

బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న మోటార్‌సైకిల్ తాళం తిప్పగానే మీటరులో పసుపు లైటు వెలుగుతుంది. ఇంజిన్ స్టార్టయినా పోదు; బండి కాస్త దూరం కదిలాకే ఆరుతుంది. కొత్తగా కొన్నవాళ్లు కొందరు దాన్ని చూసి కంగారుపడి షోరూముకు ఫోన్ చేస్తారు. నిజానికి కంగారుపడాల్సింది ఆ లైటు అసలు వెలగనప్పుడు.

అమెరికా హైవేల మీద లారీలను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్లకు ఇది రోజువారీ పాఠం. అక్కడ ఎయిర్ బ్రేకులతో నడిచే ట్రైలర్ లారీల్లో ముందు బండికి 1997 మార్చి నుంచి, వెనక ట్రైలర్‌కు 1998 మార్చి నుంచి ఏబీఎస్ తప్పనిసరి. నిజానికి 1975లోనే ఈ నిబంధన తెచ్చారు. అప్పటి పరికరాలను నమ్మలేమని లారీ తయారీదార్లు కోర్టుకెక్కారు, 1978లో అప్పీళ్ల కోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. రెండోసారి నిబంధన రావడానికి 1995 దాకా పట్టింది.

అంత పట్టుదల ఎందుకంటే, సరుకు లేని ట్రైలర్ చక్రాలు తడి రోడ్డు మీద ఇట్టే బిగుసుకుపోతాయి. బిగుసుకున్న చక్రం జారుతుందే తప్ప దారిలో ఉండదు. ట్రైలర్ పక్కకు ఊగి పక్క లేన్లను ఊడ్చేస్తుంది. ముందు బండి వెనక చక్రాలు బిగుసుకుంటే ఇంకా ఘోరం: బండి అడ్డం తిరిగి, క్యాబిన్ వచ్చి ట్రైలర్‌కే కొట్టుకుంటుంది.

దీన్ని ఆపే ఏర్పాటు చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. చక్రం హబ్‌కు పళ్లున్న ఉక్కు రింగు, సాధారణంగా 100 పళ్లది. దాన్ని ఆనుకున్నట్టుగా అయస్కాంతం, తీగచుట్ట ఉన్న సెన్సర్. పళ్లు ఎదురుగా దాటుతుంటే తీగలో సన్నటి కరెంటు పుడుతుంది, సైకిల్ డైనమోలో పుట్టినట్టే. చక్రం ఉన్నట్టుండి నిలిచిపోబోతే కంప్యూటర్ దాన్ని పసిగట్టి, ఆ బ్రేకులోంచి గాలి కొంత వదిలి, మళ్లీ ఎక్కిస్తుంది. ఇదంతా సెకనులో కొన్నిసార్లు.

నిలబడి ఉన్న బండిలో డైనమో తిరగదు. కాబట్టి తాళం తిప్పినప్పుడు కంప్యూటర్ తీగలు, వాల్వులు బాగున్నాయో లేదో చూసుకోగలదు కానీ, సెన్సర్ నుంచి సంకేతం సరిగా వస్తుందో లేదో చక్రం తిరిగితేనే తెలుస్తుంది. కొన్ని బండ్లలో లైటు కదిలేదాకా వెలుగుతూ ఉండటానికి కారణం ఇదే.

ఇన్‌స్పెక్టర్ ముందుగా ట్రైలర్ ప్లేటు మీద తయారీ నెల, సంవత్సరం చూస్తాడు. 1998 ఫిబ్రవరి అని ఉంటే ఆ లైటు ఊసెత్తే హక్కు ఆయనకు లేదు. తర్వాత ట్రైలర్ ఎడమ పక్కకు, వెనక చివరికి నడుస్తాడు. అక్కడి ఎర్ర సైడ్ లైటుకు 15 నుంచి 60 సెంటీమీటర్ల లోపు, ఏబీఎస్ అని రాసి ఉన్న పసుపు లైటు ఉండాలి. తాళం ఆపి మళ్లీ తిప్పమని డ్రైవర్‌కు కేకేస్తాడు. బ్రేకు తొక్కి పట్టమని కూడా అంటాడు, ఎందుకంటే అసలు కరెంటు తీగ తెగితే బ్రేకు లైటు తీగ ద్వారా కరెంటు అందే ఏర్పాటు ట్రైలర్లలో ఉంటుంది. మోటార్‌సైకిల్‌లా కాకుండా, ఇక్కడ బండి కదలకముందే లైటు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరితే సరే. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే బల్బు మాడి ఉండాలి, తీగ తెగి ఉండాలి, లేదా వెలుగు చూసి విసిగిన వాడెవడో బల్బు పీకేసి ఉండాలి. ఆరని లైటూ తప్పే, వెలగని లైటూ తప్పే. నాకు రెండోదే ఎక్కువ తప్పనిపిస్తుంది. ఏబీఎస్ చెడినా మామూలు బ్రేకులు ఎప్పటిలాగే పడతాయి; డ్రైవర్ కాలికి తేడా తెలియదు. వాన పడేదాకా ఆ సంగతి చెప్పగలిగేది ఆ లైటొక్కటే.

లోపం చాలాసార్లు చిన్నదే. సెన్సర్‌ను పట్టి ఉంచేది ఒక స్ప్రింగు తొడుగు. బేరింగు వదులై చక్రం ఊగితే రింగు తగిలి సెన్సర్ వెనక్కి జరుగుతుంది, సంకేతం బలహీనపడుతుంది. మెకానిక్ దాన్ని రింగు తగిలేదాకా ముందుకు నెడితే లైటు ఆరుతుంది. బేరింగు సంగతి చూడకుండా పంపితే మళ్లీ వెలుగుతుంది.

2023 మేలో ఉత్తర అమెరికా అంతటా మూడు రోజులు సాగిన రోడ్‌చెక్ తనిఖీల్లో ఏబీఎస్ మీద కూడా ప్రత్యేక దృష్టి పెట్టారు. అయినా ఏబీఎస్ లోపం ఒక్కటే ఉంటే లారీని అక్కడికక్కడ ఆపేయరు, కాగితం మీద రాసి పంపిస్తారు. బ్రేకులు పనిచేస్తున్నాయి కాబట్టి అది సబబే.

2001 మార్చి నుంచి తయారైన లారీల్లో ట్రైలర్ లోపాన్ని క్యాబిన్‌లోనే చూపే లైటు కూడా ఉంటుంది. కరెంటు ఇచ్చే తీగ మీదే సంకేతాన్నీ పంపి దాన్ని వెలిగిస్తారు. ఇక బయటి లైటు అనవసరమని 2009తో నిబంధనకు గడువు పెట్టుకున్నారు. కానీ రెండు మూడు ట్రైలర్లు వరసగా తగిలించిన బండిలో క్యాబిన్ లైటు ఒక్కటే. తప్పు ఏ ట్రైలర్‌దో అది చెప్పదు. గడువు ఎత్తేసి, బయటి లైటును శాశ్వతం చేశారు.