పఠనీయ బాలగ్రంథములు: నీతిచంద్రిక స్థానము

పిల్లలచేత చదివింపదగిన ప్రాచీన గ్రంథములేవి యను ప్రశ్నకు తెలుగునాట సమాధానము చాలవరకు సిద్ధముగానే యుండును. పంచతంత్ర కథలు, సుమతీ వేమన శతకములు, విక్రమార్కుని కథలు, తెనాలి రామకృష్ణుని కథలు అని పెద్దలు వేళ్లు మడచి లెక్కింతురు. ఈ పట్టికలోని గ్రంథములలో పసివారికొఱకే పుట్టినది దాదాపు ఒక్కటియు లేదు. రాజనీతికై పుట్టినది యొకటి, లోకులను మందలించుటకు పుట్టినది మఱియొకటి, సభావినోదమునకై వ్యాపించినది వేరొకటి. పిల్లలు వీనిని పెద్దలనుండి తీసికొనిరి. ఇట్లు తీసికొన్న సొత్తులో మిక్కిలి విలువగలదియు, నేడు మిక్కిలి నిరాదరణకు గురియైనదియు పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక. పేరు తెలియని తెలుగువాడుండడు. పుట విప్పిన పిల్లవాడు కనబడుట అరుదు.

నీతిచంద్రిక 1853లో మద్రాసున వెలువడినది. అప్పటికి తెలుగున కథావచనము లేకపోలేదు. రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కుని కథలును, పంచతంత్ర కథలును అంతకుముందే వచనమున రచించెను. పద్యమున నైనచో 15వ శతాబ్దిలో దూబగుంట నారాయణకవి, తరువాత బైచరాజు వేంకటనాథకవి పంచతంత్రమును తెనిగించిరి. అయినను వచనమునకు ఒక నడకను, నాదమును, శాసనమును కల్పించినవాడు చిన్నయసూరియే. కథల క్రమమున ఆయన హితోపదేశమును అనుసరించెను. పంచతంత్రమున మిత్రభేదము ముందు, మిత్రసంప్రాప్తి వెనుక; హితోపదేశమున మిత్రలాభము ముందు, సుహృద్భేదము వెనుక. స్నేహము కుదురుట తెలిసిన తరువాతనే అది చెడుట తెలియవలెనను ఈ క్రమము బాలపఠనమునకు ఎక్కువ అనుకూలము. చిన్నయసూరి రచించినవి మిత్రలాభ మిత్రభేదములు రెండే. విగ్రహమును కొక్కొండ వేంకటరత్నము పంతులు ఒకరు, విగ్రహ సంధులను రెంటిని కందుకూరి వీరేశలింగము పంతులు మఱియొకరు తరువాత పూరించిరి.

ఇది బాలగ్రంథమగునా యను సందేహము సహజముగా కలుగును. సంస్కృత శాస్త్రవాఙ్మయమున ‘బాల’ శబ్దమునకు పాలుత్రాగు శిశువని యర్థము కాదు. తర్కసంగ్రహ వ్యాఖ్యాతలు ఇతర విద్యలు అభ్యసించి తర్కము మాత్రము చదువని వానిని బాలుడనిరి. 1858 నాటి బాలవ్యాకరణమున ‘బాల’ శబ్దమున్నదని దానిని అయిదవ తరగతి పిల్లవాని చేతికెవరును ఇయ్యరు. నీతిచంద్రికయు ఇంచుమించు ఇట్టి ‘బాలుర’ కొఱకే, అనగా మద్రాసున తెలుగు నేర్చుకొను విద్యార్థులకొఱకే పుట్టినది. అయితే శాస్త్రమునకును కథకును భేదమున్నది. సంధి సూత్రము వయస్సు వచ్చువరకు వేచియుండగలదు. పావురముల కథ వేచియుండదు. విషయము పిల్లలది, భాష పెద్దలది: ఈ గ్రంథమును గూర్చిన చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మొదట విషయము. కథాపీఠికలో పాటలీపుత్ర రాజగు సుదర్శనుడు చదువు సంధ్యలు లేక తిరుగు తన కుమారులను గూర్చి చింతించును. విష్ణుశర్మ యను పండితుడు ఆఱు మాసములలో వారిని నీతివేత్తలను చేయుదునని పూనుకొనును. ఇది బోధనాశాస్త్ర దృష్టితో చూడదగిన ఘట్టము. విష్ణుశర్మ ఆ పిల్లలకు సూత్రములు వల్లెవేయింపలేదు, దండింపలేదు. కాకి, తాబేలు, జింక, ఎలుక అను నలుగురు స్నేహితుల పేర్లు చెప్పి ఊరకుండెను. తరువాత అడిగినది పిల్లలే. అడిగిన పిదపనే కథ సాగినది. కథలోని పాత్రయు అట్లే మఱియొక కథ పేరు చెప్పి ఆగును, వినువాడు అదెట్లని అడుగును. ఇట్లు కథలో కథ పుట్టుట అలంకారము కాదు. ప్రశ్న లేనిది సమాధానము చెప్పరాదను నియమమది. నేటి సంక్షిప్త ప్రతులు పీఠికను తొలగించి, కథలను విడివిడిగా కోసి, ఒక్కొక్క దానిక్రింద ‘నీతి’ యని ఒక పంక్తి తగిలించుచున్నవి. ప్రశ్నించు పిల్లవాడు పోయి, ఒప్పజెప్పు పిల్లవాడు మిగిలెను.

ఈ కోతవలన ఏమి నష్టమో మొదటి కథయే చెప్పును. హితోపదేశమున మిత్రలాభము గోదావరీ తీరమునందలి పెద్ద బూరుగు చెట్టుతో మొదలగును. సంస్కృతగ్రంథము మన నదియొడ్డున ఆరంభమగుట తెలుగు బాలునికి చెప్పదగిన విశేషము. పంచతంత్రమున ఈ ఘట్టము దక్షిణదేశపు మహిలారోప్య నగరముచెంత, మఱ్ఱిచెట్టు నొద్ద జరుగును. బూరుగుపై నున్న లఘుపతనకమను కాకి వలపన్ను వేటగానిని చూచును. పావురముల రాజు చిత్రగ్రీవుడు నిర్జనమగు అడవిలో నూకలెట్లు వచ్చెనని శంకించి వారించును. ఒక పావురము ఆ శంకను తీసివేయును. అన్నియు దిగి వలలో చిక్కును. చిక్కినవి ఆ పావురమును నిందింప మొదలిడగా, ఆపదలో నింద పనికిరాదని రాజు వారించి, అందఱు ఒక్కసారి ఎగురవలెనని ఉపాయము చెప్పును. వలతో సహా ఎగిరిపోవును.

బజారున దొరకు పిల్లల పుస్తకములలో అనేకము ఇచ్చట ఆగి, ఐకమత్యమే బలమని వ్రాసి పుట త్రిప్పును. కథ ఇచ్చట ఆగదు. పావురములు గండకీ తీరమున నున్న హిరణ్యకుడను ఎలుక కడకు పోవును. గోదావరినుండి గండకికి వలమోసికొని ఎగురుట ఎంతటి ప్రయాణమో పటము ముందుంచుకొని చూచిన పిల్లలకు నవ్వు వచ్చును, నవ్వనిండు. హిరణ్యకుడు మిత్రుని బంధములు ముందు కొఱుకబోగా చిత్రగ్రీవుడు అడ్డుపడును. మొదట తన పరివారమును విడిపింపుమనును. తన పండ్లు మెత్తనివి, బలము తక్కువ, అవి విరుగులోపల నిన్ను విడిపించి, శక్తియున్నచో మిగిలినవారిని విడిపింతునని ఎలుక చెప్పును. రాజు ఒప్పుకొనడు. తన మాట వినక చిక్కినవారి బంధములు తనకంటె ముందు తెగవలెనని పట్టుపట్టును. కథకు ప్రాణము ఇదియే. ఐకమత్యము సంగతి చీమల బారును చూచినను తెలియును. మాట విననివారియెడ పెద్దవాడెట్లు ప్రవర్తింపవలెనో తెలియుటకు ఈ ఘట్టమే కావలెను. దీనిని కోసివేసిన ప్రతిని పిల్లల చేతికిచ్చుటకంటె ఏమియు ఇయ్యకుండుటయే మేలు.

దాని వెనువెంటనే కాకి వచ్చి ఎలుకతో స్నేహము కోరును. ఎలుక నిరాకరించును, నేను నీకు ఆహారమును, నీవు భోక్తవు, మనకు మైత్రి యెట్లనును. ఈ వాదము చాలసేపు సాగును. పిల్లి దీర్ఘకర్ణమును, ముసలి గ్రద్ద జరద్గవమును గల కథ ఈ సందర్భమునందలిదే. తెలియనివానికి తావిచ్చిన గ్రద్ద ఏ పాపమెఱుగకయే చచ్చును. అపరిచితుని నమ్మరాదని ఒక కథ, నమ్మి స్నేహము చేసి సుఖపడినవారి కథ మఱియొకటి, రెండును ఒక్క ప్రకరణమున. ఏది సత్యమని పిల్లవాడు అడిగినచో ఉపాధ్యాయునికి చేతిలో సిద్ధమైన జవాబుండదు. ఉండకుండుటయే మంచిది.

మిత్రభేదమున ఈ చిక్కు మఱింత గట్టిపడును. పింగళకుడను సింహమునకు సంజీవకమను ఎద్దుతో కుదిరిన మైత్రిని దమనకుడను నక్క చాడీలతో చెఱచి, చివరకు ఎద్దును చంపించును. కరటకుడు వలదని చెప్పుచునే యుండును. దుష్టునికి శిక్ష పడదు. బాలగ్రంథమున ఇది తగునా? ఈ ప్రశ్న నేటిది కాదు. 6వ శతాబ్దిలో పారసీక చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాను కాలమున బుర్జోయ్ అను వైద్యుడు పంచతంత్రమును పహ్లవీ భాషలోనికి కొనిపోయెను. దానినుండి 8వ శతాబ్దిలో ఇబ్న్ అల్ ముకఫ్ఫా అరబ్బీలో ‘కలీలా వ దిమ్నా’ రచించెను. కరటక దమనకులే కలీలా దిమ్నాలు. అరబ్బీ గ్రంథమున ఎద్దు చచ్చిన తరువాత ఒక క్రొత్త ప్రకరణము కనబడును. దిమ్నాను విచారణకు నిలిపి, సాక్ష్యములు విని, మరణదండన విధింతురు. మూలమున లేని ఈ న్యాయసభను చేర్చినవాడు అనువాదకుడేయని పండితుల సాధారణాభిప్రాయము. దుష్టుడు తప్పించుకొనుట ఆయనకు సహింపరానిదయ్యెను కాబోలు. చిన్నయసూరి అట్టి పని చేయలేదు. హితోపదేశకారుని మార్గముననే నిలిచెను. చాడీ విన్న రాజు తన చేతులతోనే మిత్రుని చంపుకొని దుఃఖించుటయే అచ్చటి శిక్ష. పది పండ్రెండేండ్ల పిల్లలకు ఈ రెండు ముగింపులను చెప్పి ఏది మేలని అడుగవచ్చును. వారు తఱచుగా విచారణనే కోరుదురు. ఒకరిద్దఱు సింహము తప్పు మాటేమని అడుగుదురు.

హైదరాబాదున ఈ ముచ్చటకు ప్రత్యేక ప్రయోజనము కలదు. అరబ్బీనుండి ఈ కథలు పారసీకమునకు మరల వచ్చి, 15వ శతాబ్ది చివర హుసేన్ వాయిజ్ కాషిఫీ చేతిలో ‘అన్వారె సుహైలీ’ అయినవి. అక్బరు కోరికపై అబుల్ ఫజల్ దానిని ‘ఇయారె దానిష్’ అను పేర సులభపఱచెను. 19వ శతాబ్ది ఆరంభమున ఫోర్టు విలియం కళాశాలలో అది ‘ఖిరద్ అఫ్రోజ్’ అను ఉర్దూ గ్రంథమయ్యెను. పాతబస్తీకి ఆగ్నేయమున కంచన్‌బాగ్ ప్రాంతమును తీసికొనుడు. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్రధాతు నిగమ్ వంటి సంస్థలు ఏర్పడిన పిదప దేశము నలుమూలలనుండి వచ్చిన ఉద్యోగుల కుటుంబములు అచ్చట చేరినవి. చుట్టును ఉర్దూ మాటలాడు పాత పేటలు కలవు. అట్టిచోట ఒక తరగతిలో తెలుగు పిల్లవాడు దమనకుడన్నను, ఉర్దూ పిల్లవాడు దిమ్నా యన్నను, వారు చెప్పుచున్నది ఒకే నక్కను గూర్చి. ఈ బంధుత్వమును పాఠశాలలో ఎవరును చెప్పకపోవుట విచారకరము.

ఇక భాష. నీతిచంద్రిక వచనమున సంధులు విడువరు, సమాసములు దీర్ఘములు, ‘ంబు’ వర్ణకాంతములు అడుగడుగున కలవు. గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారికోద్యమము సాగించిన తరువాత ఈ భాష పాఠశాలలనుండి క్రమముగా తొలగినది. అది తొలగుట న్యాయమే. పిల్లవాడు వ్రాయవలసిన భాష అది కాదు. కాని వ్రాయరాని భాష విననుగూడ రాదనుట అతివ్యాప్తి. చెవికి ఈ వచనము కష్టము కాదు, కంటికే కష్టము. అచ్చులో సంధి కలిసిన పదములు గొలుసుకట్టుగా నుండుటచే పిల్లవాని చూపు ఎచ్చట ఆగవలెనో తెలియదు. పదము మార్చకుండ, విఱుపు చూపి, పెద్ద అక్షరములతో ముద్రించి, పుటకు నాలుగైదు అర్థములు అడుగున నిచ్చినచో ఈ కష్టము సగము తీఱును. తిరిగి వ్రాయుట రెండవ మార్గము. తిరిగి వ్రాయుట తప్పు కాదు. కథను కోయుటయే తప్పు.

తిరిగి చెప్పుట యెట్లో చూపినది చందమామ. 1947 జూలైలో నాగిరెడ్డి చక్రపాణులు ప్రారంభించిన ఆ పత్రికకు 1952 నుండి 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావు సంపాదక బాధ్యత వహించెను. పొట్టి వాక్యము, ఆడంబరములేని మాట, ముగింపున ఉపదేశము లేకుండుట ఆయన పద్ధతి. వేతాళ కథలు మూలమున ఇరువదియైదు. చందమామలో అవి వందలకొలది అయ్యెను, ప్రశ్నతో ముగియు అచ్చు మాత్రము చెడలేదు. విష్ణుశర్మ రహస్యమును తెలిసికొన్నది పాఠ్యపుస్తక సంఘములకంటె ఆ పత్రికయే యని చెప్పవచ్చును. పత్రిక నేడు వెలువడుట లేదు. పాత సంచికలు మాత్రము ఇండ్లలో, గ్రంథాలయములలో నిలిచియున్నవి.

పసితనమునకు వేరు గ్రంథములు కలవు. గిడుగు వేంకట సీతాపతి బాలగేయములు, చింతా దీక్షితుల ‘లక్కపిడతలు’ నీతిచంద్రికకు ముందు నడువవలెను. పదేండ్లు దాటినవారికి నండూరి రామమోహనరావు తెనిగించిన ‘టామ్ సాయర్’, ‘కాంచనద్వీపం’ ఇయ్యవచ్చును. అనువాదమని తోపనంత సుఖముగా నడచు తెలుగు అది. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ పిల్లవాని నోటి తెలుగునకు అక్షరరూపము. బాపు బొమ్మలు లేనిచో అది సగమే. అయితే బుడుగును చదివి ఎక్కువ నవ్వువారు పిల్లలు కారు, పెద్దలు. శతకముల విషయము వేఱుగా చెప్పనక్కఱలేదు. అవి కంఠస్థమగునుగాని పఠనము కాదు.

నీతిచంద్రికను ఏ వయస్సున ప్రారంభింపవలెనన్నచో, వినుటకు ఎనిమిదవయేట, చదువుటకు పదుమూడవయేట అనవచ్చును. వినిపించువారు గ్రంథమునందలి వాక్యమును ఒకటి చదివి, తరువాత ఇంటి తెలుగులో చెప్పి, మరల ఆ వాక్యమునే చదువవలెను. రోజునకొక కథ చాలును. ముసలిపులి బంగారు కంకణము చూపి బాటసారిని బురదలోనికి దింపు కథతో మొదలిడుట తేలిక. ఏలనన అందు పాత్రలు రెండే, చోటు ఒక్కటే, పులి మాటలు పైకి చదువుటకు రుచిగా నుండును. పావురముల కథ రెండు దినములు పట్టును. వల లేచినచోట ఆపి మఱునాడు ఎలుకను రప్పింపవలెను. సంస్కృత మూలములందున్న స్త్రీనిందా కథలు, జారకథలు బాలురకు అక్కఱలేదు. మూలమును ముందుంచుకొని చెప్పు ఉపాధ్యాయుడు వానిని నిస్సంకోచముగా విడువవచ్చును. పై తరగతులకు వచ్చి ఈ వచనము చెవికి అలవాటైన విద్యార్థులచేత కొక్కొండవారి విగ్రహమును, వీరేశలింగము పంతులుగారి విగ్రహమును ప్రక్కప్రక్కన నుంచి ఒక్క ఘట్టము చదివింపదగును. చిన్నయసూరి వేసిన బాటలో ఇద్దఱు ఎట్లు నడిచిరో, ఎచ్చట తొట్రుపడిరో వారే కనుగొందురు.