పాత కారు ఇంజను: మరమ్మతా? మార్పిడా?

పీలమేడు వీధుల్లో ఇప్పటికీ అక్కడక్కడ ఇంటి ముందు ఒక పాత అంబాసిడర్ కనిపిస్తుంది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా తాతగారు కొన్న బండి అనే మమకారం అంత సులభంగా పోదు. అది నీలం పొగ చిమ్మడం మొదలుపెట్టగానే ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడతాయి. “ఇంజను విప్పి బాగుచేయిద్దాం” అంటారు పెద్దలు. “వేరే ఇంజను వేయించండి, లేదా అమ్మేయండి” అంటారు పిల్లలు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కాని కొలతలు చూడనిదే తీర్పు చెప్పకూడదు.

యంత్రాన్ని విప్పి చూడడం మన ప్రాంతానికి కొత్త కాదు. కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు 1920లో ఒకే ఒక్క బస్సుతో పొల్లాచ్చి-పళని దారిలో సర్వీసు ప్రారంభించారు. 1926లో వెలసిన పి.ఎస్.జి. అండ్ సన్స్ ధర్మసంస్థ 1951లో మన పీలమేడులో ఇంజనీరింగు కళాశాల స్థాపించింది. పంపులు, మిల్లులు, ఫౌండ్రీల మధ్య పెరిగిన ఈ ఊరిలో లేతు పని, బోరింగు పని తెలిసినవారికి కొదవ లేదు. ఈ సౌకర్యాన్ని మనం తెలివిగా వాడుకోవాలి.

విప్పకముందు

నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతున్నదని అర్థం. రేడియేటరులో నీళ్ళు తగ్గుతూ తెల్లపొగ విడవకుండా వస్తే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలు కలిపిన కాఫీలా కనబడితే నీళ్ళు లోపలికి చేరినట్లే.

తరువాత ప్రతి సిలిండరుకూ కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఒకదానిలో తక్కువ చూపితే, అందులో ఒక చెంచా ఆయిలు పోసి మళ్ళీ చూడమనండి. అంకె పెరిగితే రింగులో, బోరో అరిగినట్లు. పెరగకపోతే దోషం వాల్వులలోనో, గ్యాస్కెట్‌లోనో ఉండవచ్చు. అటువంటప్పుడు హెడ్డు పనితోనే సరిపోవచ్చు. మొత్తం ఇంజనుకు ఖర్చు పెట్టనక్కరలేదు.

విప్పిన తరువాత

బ్లాకు, క్రాంకు షాఫ్టు, ఈ రెండే అసలు సంగతి తేలుస్తాయి. బోరు అరిగితే అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన 20, 40 పెంచి, దానికి తగిన పిస్టన్లు వేస్తారు. ఆ హద్దు దాటితే స్లీవు దింపవచ్చు. క్రాంకును సానపట్టి తగిన బేరింగులు అమర్చవచ్చు. కాని బ్లాకు పగిలినా, క్రాంకు హద్దు మించి అరిగినా, విడిభాగాలు దొరకకపోయినా మార్పిడి గురించి ఆలోచించడమే మంచిది. ఈ కొలతలను కాగితం మీద రాయించుకొని, ఖర్చు అంచనా రెండుచోట్ల అడగండి.

మార్చదలిస్తే

పాత బజారులో దొరికే ఇంజను మన ఇంజనుకన్నా మేలని నమ్మకం ఏమిటి? దానికీ అదే కంప్రెషన్ పరీక్ష చేయించాలి. అది ఏ బండిది, పత్రాలు ఉన్నాయా అని విచారించాలి. ఇంజను నంబరు ఆర్.సి. పుస్తకంలో ఉంటుంది కనుక, రవాణా కార్యాలయం అనుమతి ముందుగా తీసుకొని కొత్త నంబరు ఎక్కించాలి. లేకపోతే ఎఫ్.సి.కి, ఇన్సూరెన్సుకు, అమ్మకానికి చిక్కులు వస్తాయి. 20 ఏండ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము 2025లో 10,000 రూపాయలకు పెరిగింది. ఇదీ లెక్కలో వేసుకోండి.

ఏది చేయించినా పెట్రోలు గొట్టాలు, కార్బొరేటరు వాషర్లు కొత్తవి వేయించండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు ఉంటుంది. పాత రబ్బరు దానికి తట్టుకోదు. రీబోరు చేసిన ఇంజనును మొదటి వెయ్యి కిలోమీటర్లు నిదానంగా నడిపి, ఆయిలు త్వరగా మార్చాలి.

బ్లాకు గట్టిగా ఉండి, విడిభాగాలు దొరుకుతూ ఉంటే పాత ఇంజనునే నిలబెట్టుకోండి. తాతగారి బండితోపాటు మన ఊరి పనివారి చేతి విద్య కూడా నిలుస్తుంది. బ్లాకు పోయిందని కొలత చెబితే బాధపడకుండా మార్చండి. ఇంటిల్లిపాదినీ క్షేమంగా చేర్చడమే కదా బండి పని!