బహిష్టు గుడ్డకు ఎండే మందు

మన అమ్మమ్మలు, నాయనమ్మలు బహిష్టు రోజులలో వాడినది పాత నూలు చీర ముక్క. దానిని ఎలా ఉతకాలో, ఎక్కడ ఆరవేయాలో తల్లి కూతురికి కూర్చోబెట్టి చెప్పిన ఇళ్లు తక్కువ. ఆడపిల్లలు చూసీ చూడనట్లు నేర్చుకున్న విద్య అది. తరువాత దుకాణాలలో ప్యాడ్లు వచ్చి, గుడ్డ వాడటం నామోషీగా మారినది. ఇప్పుడు నెలనెలా అయ్యే ఖర్చు, తొడల వద్ద ఒరుపు, పారవేసే ఇబ్బంది చూసి చదువుకున్న గృహిణులే మళ్లీ గుడ్డ గురించి అడుగుతున్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 24 ఏళ్ల స్త్రీలలో దాదాపు సగం మంది గుడ్డ వాడుతున్నట్లు చెప్పారు. వీరిలో ప్యాడ్లు కూడా వాడేవారు ఉన్నారు. కనుక ఇది మన ఇళ్లకు సంబంధం లేని విషయం కాదు.

గుడ్డ వలన రోగాలు వస్తాయనే మాటలో కొంత నిజమున్నది. ఒడిశాలో జరిపి 2015లో ప్రచురించిన ఒక పరిశీలనలో ప్యాడ్లు వాడేవారి కంటే గుడ్డను తిరిగి వాడేవారిలో జననాంగ సంబంధమైన ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనిపించినవి. అదే రాష్ట్రంలో జరిగి 2018లో వెలువడిన మరొక పరిశీలన ఇంకొంచెం లోతుకు వెళ్లినది. గుడ్డ వాడేవారిలో కూడా దానిని ఇంటి లోపల ఆరవేసేవారికి, మరుగుదొడ్డిలో దాచిపెట్టేవారికి కాండిడా అనే శిలీంధ్రం వలన కలిగే ఇన్ఫెక్షన్ హెచ్చుగా ఉన్నదని తేలినది. అంటే గుడ్డను ఎలా ఉంచుకుంటున్నామన్నదే ముఖ్యము. చీకటిలో, చెమ్మతో ఉన్న గుడ్డ బూజుకు ఆలవాలము.

ఇక గుడ్డ ఎంపిక. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలవారికి ఇందులో ఒక సౌకర్యము, ఒక చిక్కు రెండూ ఉన్నాయి. సిరిసిల్ల మరమగ్గాల ఊరు, గుడ్డకు కొదువ లేదు. కాని ఆ మగ్గాల మీద నూలుతో పాటు పాలియెస్టర్ కూడా విస్తారంగా నేస్తారు. 2017 నుండి కొన్నేళ్లపాటు పంచిన బతుకమ్మ చీరలలో అధికభాగం అక్కడి పాలియెస్టర్ నేతయే. ఆ చీరలు నేటికీ ఎన్నో బీరువాలలో మడతలు పెట్టి ఉన్నాయి. మెత్తగా ఉన్నది కదా అని వాటిని చింపి బహిష్టు గుడ్డగా వాడకూడదు. నూలు పోగు గాలిలోని తేమనే తన బరువులో సుమారు 8 శాతం వరకు పీల్చుకోగలదు, పాలియెస్టర్ పోగు అర శాతం కూడా పీల్చదు. అటువంటి గుడ్డ మీద స్రావం ఇంకక జారిపోతుంది, చర్మం చెమటతో ఒరుసుకుపోతుంది.

రెండింటినీ గుర్తించడం సులభం. అంచు నుండి రెండు పోగులు లాగి పళ్లెంలో ఉంచి నిప్పు అంటించి చూడండి. నూలు కాగితం వలె కాలి బూడిద అవుతుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది.

లంగాల కోసం అమ్మే నూలు గుడ్డ ఇందుకు చక్కగా పనికివస్తుంది. అయితే నేతకు ముందు పడుగుకు గంజి పట్టిస్తారు కాబట్టి కొత్త గుడ్డ మొదట నీటిని పీల్చదు. రెండు మూడుసార్లు వేడినీటిలో నానబెట్టి ఉతికిన తరువాత ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క నిలవకుండా వెంటనే ఇంకినట్లయితే గుడ్డ సిద్ధమైనట్లే.

బజారులో గుండీలతో, లోపల నీరు దిగని పొరతో కుట్టిన ప్యాడ్లు దొరుకుతున్నాయి. తిరిగి వాడే ప్యాడ్లకు భారతీయ ప్రమాణాల సంస్థ 2021లో ఐఎస్ 17514 అనే ప్రమాణాన్ని కూడా ప్రకటించినది. కొనేవారు ఆ సంఖ్యను అడగవచ్చు. కాని మా అభిప్రాయంలో ఇంటి వాడకానికి విడదీయగల రకమే మేలు. చిన్న సంచి వంటి తొడుగు ఒకటి, అందులో మడిచి పెట్టుకునే చదరపు గుడ్డ ఒకటి. ఏడెనిమిది పొరలు కలిపి కుట్టిన ప్యాడ్ పైకి ఆరినట్లున్నా నడుమ తడి మిగులుతుంది. విడి గుడ్డను ఒక్క పొరగా విప్పి ఆరవేస్తే ఆ భయం లేదు. పైగా దండెం మీద అది చేతిరుమాలు వలెనే కనబడుతుంది గాని ఫలానాదని ఎవరూ పోల్చలేరు. ఒక స్త్రీకి ఆరేడు తొడుగులు, పదీ పన్నెండు గుడ్డలు ఉంటే సరిపోతాయి. ఒకరివి మరొకరు, తల్లీ కూతుళ్లయినా సరే, వాడకూడదు.

నాలుగు గంటలకొకసారి, స్రావం తక్కువగా ఉన్నప్పుడు ఆరు గంటలకు మించకుండా గుడ్డ మార్చుకోవలెను. బీడీలు చుట్టే స్త్రీలు ఈ ప్రాంతంలో వేలమంది. గంటల తరబడి కదలకుండా కూర్చునే పని అది, లేచి మార్చుకోవడానికి బద్ధకించకూడదు. వేళ్లకు పొగాకు ధూళి అంటి ఉంటుంది కనుక మార్చుకున్న తరువాతనే కాక ముందు కూడా సబ్బుతో చేతులు కడుగుకోవలెను.

విప్పిన గుడ్డను మొదట చన్నీటిలోనే జాడించాలి. వేడినీరు పోస్తే రక్తంలోని మాంసకృత్తులు గడ్డకట్టి మరక నిలిచిపోతుంది. అరగంట నానబెట్టి, బట్టల సబ్బుతో గాని కుంకుడు రసంతో గాని ఉతికి, నురగ పూర్తిగా పోయేదాకా జాడించండి. రాత్రంతా బకెట్టులో నానవేసి ఉంచడం చాలా ఇళ్లలో అలవాటు, ఇది మానవలెను. నిలవ నీటిలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. మరక పోయిన నూలు గుడ్డలను నెలకొకసారి పది నిమిషాలు మరిగించవచ్చు. నీరు దిగని పొర ఉన్నవాటిని మాత్రం మరిగించరాదు. డెట్టాలు వంటి ఘాటు మందులు గుడ్డలో మిగిలిపోతే సున్నితమైన చర్మం మండుతుంది.

వేపాకు కషాయంలో చివరిగా ముంచి తీయడం కొందరి పద్ధతి. చేసుకోండి, కాని సబ్బునూ ఎండనూ మానిపించగల శక్తి దానికి లేదు. పసుపు సంగతి వేరు. కోరుట్ల, మెట్‌పల్లి చేలలో పండే పసుపు ఎంత మంచిదైనా బహిష్టు గుడ్డకు అద్దవద్దు. పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబారుతుంది, అప్పుడు ఏది రక్తమో ఏది పసుపో తెలియదు.

మరక గురించి మరొక మాట. శుద్ధమైన ఆర్తవం కుందేటి నెత్తురు వలె గాని లక్క రసం వలె గాని ఉండి, ఉతికిన వస్త్రం మీద రంగు నిలుపదని సుశ్రుతుడు శారీరస్థానంలో చెప్పాడు. దీనిని చదివి, గుడ్డ మీద మరక మిగిలినదంటే ఏదో దోషమున్నదని బెంగపడే పాఠకురాళ్లు ఉన్నారు. మరక నిలవడం చాలావరకు నీటి వేడిని, ఉతకడంలో జరిగిన ఆలస్యాన్ని బట్టి ఉంటుంది. దానిని బట్టి రోగ నిర్ణయం చేసుకోవద్దు.

అన్నిటికంటె పెద్ద అడ్డంకి ఆరవేయడం దగ్గరే వస్తుంది. బహిష్టు గుడ్డ నలుగురి కంట పడరాదని, ఇతర బట్టలకు మైల తగులుతుందని పెరటి మూలన, మంచం కింద, స్నానాల గది తలుపు వెనుక, తడిచీర మాటున ఆరవేయించే ఇళ్లు నేటికీ ఉన్నాయి. ఆ చాటు గుడ్డే తరువాత దురదగా, తెల్లబట్టగా కోడలినో కూతురినో బాధిస్తుంది. ఇంటిలో పెద్దావిడ ఒక్క దండెం ఎండలో కేటాయిస్తే చాలు. జగిత్యాల వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది, ఒక్క పొర గుడ్డ గంటలోపే పెళపెళలాడుతుంది. వానాకాలంలో మాత్రం ముసురు పట్టినప్పుడు ఫ్యాను కింద ఒక్క పొరగా పరచి, ఆరిన తరువాత వేడి ఇస్త్రీ రెండు వైపులా పెట్టండి. తడి ఉన్నదో లేదో చేతికి తెలియకపోతే చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదన్నమాట. ఎండు గుడ్డలను నూలు సంచిలో కట్టి బీరువాలో పెట్టుకోవలెను, మరుగుదొడ్డిలో వద్దు. కలరా ఉండలు అందులో వేయవద్దు.

దురద, మంట, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉన్నా, గంటకొక గుడ్డ తడిసిపోతున్నా, స్రావం ఏడు రోజులు దాటినా ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక వైద్యురాలికి చూపించవలెను. ఇన్ఫెక్షన్ తగ్గేవరకు పారవేసే ప్యాడ్లు వాడుకొని, ఉన్న గుడ్డలన్నిటినీ మరిగించి ఎండబెట్టుకోండి. ఆ ప్యాడ్లను కాగితంలో చుట్టి పొడి చెత్తతో ఇవ్వాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. మురుగు కాలువలో వేయరాదు.

బిరుసెక్కిన గుడ్డను, ఉతికినా వాసన పోని గుడ్డను మరుసటి నెలకు ఉంచవద్దు. గుండీలు కోసి దాచుకొని, నూలు భాగాన్ని పెరటిలో మూరెడు లోతున పూడ్చితే మట్టిలో కలిసిపోతుంది.