గీతలకు బదులు సూత్రము: కంప్యూటరు పటములలో మాక్రోలు

సంక్రాంతినాడు వాకిట ముగ్గు పెట్టు ఇల్లాలికి "సందు చుక్క, 15 మొదలు 8 వరకు" అని చెప్పిన చాలును. నడుమ 15 చుక్కల వరుస, దానికి ఇరుప్రక్కల 14, 13 ఇట్లు తగ్గుచు 8 వరకు వరుసలు ఆమె పెట్టును. మొత్తము 169 చుక్కలగును. ఆ 169 చోట్లను ఎవరును విడివిడిగా చెప్పలేదు. చెప్పినది ఒక చిన్న నియమము మాత్రమే. కంప్యూటరుపై ఇంజనీరింగు పటములు గీయువారు "మాక్రో" అనునది ఇట్టి నియమమే.

పటములు గీయు సాఫ్ట్‌వేరులో గీత, వృత్తము, చాపము మొదలగువానిని గీయు ఆజ్ఞలు ముందే యుండును. కాని ప్రతి వృత్తికిని దాని పనులు దానికుండును. వానికన్నిటికిని ఆజ్ఞలను తయారుచేసి యిచ్చుట ఏ కంపెనీకిని సాధ్యము కాదు. ఉన్న చిన్న ఆజ్ఞలను వరుసగా కూర్చి, మనకు కావలసిన పెద్ద ఆజ్ఞను మనమే కల్పించుకొనినచో అది మాక్రో యగును.

ఈ భావము క్రొత్తది కాదు. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఐవాన్ సదర్లాండ్ "స్కెచ్‌పాడ్" అను పద్ధతిని నిర్మించెను. అందులో ఒక మూలచిత్రమును మార్చినచో దాని నకళ్లన్నియు తామే మారుచుండెను. 1982లో "ఆటోకాడ్" వెలువడినది; కొలది యేండ్లలోనే దానికి "ఆటోలిస్ప్" అను భాష చేరి, వాడుకరులు తమ ఆజ్ఞలను తామే వ్రాసికొనుటకు వీలు కలిగెను. నేడు ఉచితముగా లభించు "ఫ్రీక్యాడ్"లో పైథాన్ భాషతో మాక్రోలు వ్రాయవచ్చును.

మాక్రో ఎట్లు పనిచేయునో తెలియుటకు మనకు దగ్గరి ఉదాహరణమును తీసికొందము. మెదక్ జిల్లాలోని మనోహరాబాద్ నుండి కరీంనగర్ దగ్గరి కొత్తపల్లికి తలపెట్టిన రైలుమార్గమునకు 2016 ఆగస్టు 7న శంకుస్థాపన జరిగినది. అందులో సిద్దిపేట వరకు గల సుమారు 76 కిలోమీటర్ల భాగము 2023 అక్టోబరు 3న ప్రారంభమైనది. కిలోమీటరునకు 1,660 స్లీపర్ల చొప్పున లెక్కించినచో ఇంత దూరమునకు 1,26,160 స్లీపర్లు కావలెను. తిన్నని మార్గములో ఒక స్లీపరును గీసి, దాని నకళ్లను వరుసగా పెట్టవచ్చును. వంపులో అట్లు కుదరదు. ప్రతి స్లీపరును వంపు కేంద్రమువైపు తిరిగియుండునట్లు గీయవలెను. కొన్ని సాఫ్ట్‌వేర్లలో దీనికి సిద్ధమైన ఆజ్ఞ ఉన్నను, ఇందలి గణితము హైస్కూలు విద్యార్థికి తెలిసినదే గనుక దీనిని ఎన్నుకొంటిమి.

మన రైల్వేలలో వంపును డిగ్రీలలో చెప్పుట వాడుక. 1,750ని ఆ డిగ్రీలచే భాగించినచో వ్యాసార్ధము మీటర్లలో వచ్చును. కావున 2 డిగ్రీల వంపు వ్యాసార్ధము 875 మీటర్లు. వంపు పొడవు 300 మీటర్లు, స్లీపర్ల మధ్య ఎడము 60 సెంటీమీటర్లు, స్లీపరు పొడవు 2.75 మీటర్లు అనుకొందము. నిజమైన మార్గములో తిన్నని భాగమునకును వృత్తభాగమునకును మధ్య క్రమముగా వంగు మరియొక వక్రముండును. సులభత కొరకు దానిని విడిచితిమి. ఇక మాక్రో ఇట్లుండును:

1. వ్యాసార్ధము, వంపు పొడవు, ఎడము, స్లీపరు పొడవు అను నాలుగింటిని అడుగుము.
2. ఎడమును వ్యాసార్ధముచే భాగించి, కోణపు మెట్టును కనుగొనుము.
3. వంపు పొడవును ఎడముచే భాగించి, 1 కలిపి, స్లీపర్ల సంఖ్యను కనుగొనుము.
4. కోణము సున్నతో మొదలిడి, వ్యాసార్ధమునకు స్లీపరు పొడవులో సగము తగ్గించిన దూరమున ఒక బిందువును, సగము కలిపిన దూరమున వేరొక బిందువును గుర్తించి, రెంటిని గీతతో కలుపుము.
5. కోణమునకు మెట్టును కలిపి, స్లీపర్ల సంఖ్య పూర్తియగువరకు నాల్గవ పనిని మరల మరల చేయుము.

బిందువును గుర్తించుటకు దూరమును కోణపు కొసైనుచే గుణించిన అడ్డుకొలతయు, సైనుచే గుణించిన నిలువుకొలతయు వచ్చును. ఇంతకుమించిన గణితము లేదు.

రేపు ఇంజనీరు వ్యాసార్ధమును 1,000 మీటర్లకు మార్చెననుకొందము. చేతితో గీసినవాడు స్లీపర్లన్నిటిని చెరిపి మరల గీయవలెను. మాక్రో వ్రాసినవాడు ఒక్క అంకెను మార్చును. కాని అతడు రెండవ మెట్టులో భాగహారమునకు బదులు దాని ఫలితమును మాత్రమే వ్రాసియుంచినచో, పాత కోణమే నిలిచి, ఎడము 60 సెంటీమీటర్లకు బదులు 68కి మించును. కనుక మాక్రోలో అంకెను గాక, ఆ అంకె వచ్చిన దారిని వ్రాయవలెను.

మరి రెండు పొరపాట్లు తరచుగా జరుగును. 300ను 0.6చే భాగించిన 500 వచ్చును. కాని అవి ఖాళీలు, స్లీపర్లు 501. కంచెకు గుంజలు పాతినవారికి ఇది తెలిసినదే. రెండవది కోణపు కొలమానము. ఆటోలిస్ప్, పైథాన్ భాషలు సైను, కొసైనులకు కోణమును రేడియన్లలో కోరును. మన మెట్టు 0.000686 రేడియను, డిగ్రీలలో అది 0.0393. ఈ రెండవ అంకెను ఇచ్చినచో స్లీపరునకు స్లీపరునకు ఎడము 34 మీటర్లగును! కంప్యూటరు ఆక్షేపించదు, చెప్పినట్లు గీయును.

మనిషి చేతి తప్పు ఒకచోట పడును. మాక్రోలోని తప్పు ప్రతి గీతలోను పడును. అందుచే మొదట 10 మీటర్ల వ్యాసార్ధముతో మూడు స్లీపర్లను మాత్రమే గీయించి, వాని బిందువులను కాగితముపై లెక్కించి సరిచూచుకొనవలెను. ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయించినచో, త్రికోణమితి దేనికను ప్రశ్నకు విద్యార్థులకు సమాధానము కండ్లయెదుటనే దొరకును.