లాభము, రెండు, మూడు

కళ్లములో ధాన్యపు రాశిని కొలుచువాడు మొదటి కుంచమును ‘ఒకటి’ అనడు, ‘లాభము’ అనును. అటుపై రెండు, మూడు అని సాగించి, ఆరు దాటిన పిమ్మట ‘ఏడు’ అనుటకు నోరు రాక ‘ఆరున్నొక్కటి’ అనును. యర్రగొండపాలెము, మార్కాపురము, గిద్దలూరు సీమలందే కాదు, తెలుగునేల అంతటను పెద్దలెరిగిన లెక్క ఇది. కాటాలు వచ్చి కుంచములు, మానికలు మూలబడినవి గాని ఆ మాట పోలేదు. కందులో, మిరపకాయలో బస్తాలకెత్తి లెక్కించుచోట ఇప్పటికిని ‘లాభము’ వినవచ్చును.

ఏడు అనుటకు వెరపెందుకు? ఆ మాటలో ఏడుపు వినిపించును గనుక. ధాన్యలక్ష్మి ఎదుట ఏడుపు మాట ఎత్తరాదని మన పూర్వులు తలచిరి. ఇందులో అంకె దోషమేమియు లేదు, దోషమంతయు చెవిది. ‘ఈ ఏడు పంట బాగున్నది’ అని అదే రైతు, అదే కళ్లములో, అదే మాటను సంతోషముగా పలుకును. ఏడుకొండలవానికి మ్రొక్కును. పెండ్లిలో వధువుచేత ఏడడుగులు నడిపించును. ఇక మార్కాపురము పలకపై ఒంట్లు దిద్దిన పిల్లలు ఏడు దగ్గర ఏడ్చినమాట నిజమే యైనచో, అది ఆనాటి పంతులుగారి బెత్తము వలన గాని అంకె వలన కాదు.

ఈ చెవి దోషము మన ఒక్కరికే లేదు. జపాను భాషలో నాలుగును ‘షి’ అందురు. మరణమునకును అదే మాట. అందుచేత అచ్చట కొన్ని ఆసుపత్రులలో నాలుగవ నెంబరు గది ఉండదు. చీనాలో సైతము నాలుగుకు ఇదే గతి. నాలుగు వేదములు చెప్పుకొని, ‘నలుగురూ మెచ్చవలె’ నని కోరుకొను మనకు ఈ భయము వింతగా తోచును. మన ‘ఆరున్నొక్కటి’ వినిన జపానువానికి అంతకంటె వింతగా తోచును.

ఎనిమిది సంగతి ఇంకను చిత్రము. చీనావారికి ఆ అంకె ఉచ్చారణ సంపద వృద్ధియగు మాటను స్ఫురింపజేయును. అందుచేతనే పెకింగు నగరమున ఒలింపిక్ క్రీడలను 2008వ సంవత్సరము ఎనిమిదవ నెల ఎనిమిదవ తేదీన, రాత్రి 8 గంటలకు ప్రారంభించిరి. మన సంఖ్యాశాస్త్రజ్ఞులు మాత్రము అదే ఎనిమిదిని శనికి అంటగట్టి, మోటారు బండి నెంబరు కూడిక ఎనిమిది కారాదనియు, తొమ్మిది కావలెననియు చెప్పుచుందురు. కోరిన నెంబరు కొరకు వేలము పాడువారి వలన ప్రభుత్వమునకు రాబడి కలుగుచున్న మాట వాస్తవమే, కాదనము. అయినను శ్రీశైలము ఘాటు రోడ్డు మలుపులో బండిని కాపాడునది బ్రేకు గాని కూడిక కాదు.

కొన్ని అంకెల గొప్పతనమునకు మూలము లెక్కలలోనే కలదు. పూర్వము రూపాయికి 16 అణాలు. 1957 ఏప్రిల్ 1వ తేదీ నుండి రూపాయికి 100 పైసలైనను, లోటులేని దానిని ‘పదహారణాల’ దనుట మనము మానలేదు. చదివింపులలో 116 రూపాయలు ఇచ్చుటకు, నిజాము హాలీ సిక్కాలు దాదాపు 116 అయినగాని ఇంగ్లీషువారి నూరు రూపాయలకు సరిపోకుండుటయే కారణమని కొందరందురు. సున్నతో ముగియు కానుక ఈయరాదను ఆచారమని మరికొందరందురు. మోసగానిని ‘ఫోర్ ట్వంటీ’ అనుటకు కారణము శిక్షాస్మృతిలోని 420వ సెక్షను. 2024 జూలై 1వ తేదీ నుండి ఆ స్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. అందు మోసము 318వ సెక్షనులో చేరినది. తిట్టు మాత్రము ఇంకను పాత సెక్షను క్రిందనే నడచుచున్నది.

ఇంతవరకు చెప్పినవాటిని నవ్వి విడువవచ్చును. ఎనిమిదవ నెల మాట అట్టిది కాదు.

‘ఏడవ నెల బిడ్డ బ్రతుకును, ఎనిమిదవ నెల బిడ్డ బ్రతుకడు’ అను మాట మన పల్లెలలో ముసలమ్మల నోట నేటికిని వినబడుచున్నది. ధాన్యము కొలుచునప్పుడు పలుకుటకు వెరచిన ఏడు, పురిటింటిలో ఎట్లు శుభమైనదో తెలియదు. ఇదియు మన ఒక్కరి సొత్తు కాదు. రెండువేల యేండ్లకు పైబడి పూర్వము గ్రీకు దేశమున హిప్పోక్రటీసు పేర వెలసిన వైద్యగ్రంథములలో ఎనిమిదవ నెల శిశువును గూర్చి ఇదే అభిప్రాయము కలదు. నెలల లెక్క సరిగా తెలియని ఇంట, బ్రతికిన బిడ్డను ఏడు నెలలవాడనియు, పోయిన బిడ్డను ఎనిమిది నెలలవాడనియు పిదప చెప్పుకొనుట సులభము. ఈ నమ్మకము ఇంతకాలము నిలుచుటకు అదియే కారణమని మాకు తోచుచున్నది.

నిజము దీనికి విరుద్ధము. గర్భవాసము సుమారు 40 వారములు. 37 వారములు నిండకముందు పుట్టినవారిని నెలలు నిండనివారందురు. కడుపులో గడచిన ప్రతి వారమును బిడ్డకు మేలే. ఊపిరితిత్తులు బలపడును, ఒంట కొవ్వు చేరును, పాలు పీల్చి మ్రింగు నేర్పు వచ్చును. అందుచేత ఎనిమిదవ నెల బిడ్డకు ఏడవ నెల బిడ్డకంటె బ్రతుకు ఆశ ఎక్కువ. ఆ ఆశ ఉన్న బిడ్డను ‘ఎట్లును దక్కడు’ అని గుడ్డలో చుట్టి మూల పరుండబెట్టిన ఇంట అంకె చంపదు, ఆలస్యము చంపును.

అట్టి బిడ్డ పుట్టిన వెంటనే తడి ఒత్తి, నీళ్లు పోయక, తల్లి రొమ్ముపై చర్మమునకు చర్మము తగులునట్లు పరుండబెట్టి, తలకు టోపీ పెట్టి, ఇద్దరిని కలిపి కప్పవలెను. తల్లిపాలే పట్టవలెను. ఆసుపత్రికి కొనిపోవునప్పుడు సైతము బిడ్డ తల్లి రొమ్ముపైననే ఉండవలెను. నెలలు నిండకముందే నొప్పులు మొదలైనచో కాన్పు అగువరకు వేచియుండక తల్లిని బయలుదేరదీయుట ఉత్తమము. బిడ్డ ఊపిరితిత్తులు బలపడుటకు ఆమెకు ముందుగా ఇంజెక్షను ఇచ్చు వీలు ఆసుపత్రిలో కలదు. నెలలను వ్రేళ్లపై లెక్కింపనక్కరలేదు. ఆశా కార్యకర్తయో నర్సమ్మయో ఇచ్చిన తల్లీబిడ్డల కార్డులో కాన్పు తేదీ వ్రాసియుండును.

నల్లమల లోపలి గూడెములలో ఫోను అందని తావులు కలవు. అట్టిచోటి గర్భిణులు తేదీ సమీపింపకముందే ఆసుపత్రి గల ఊరిలోని చుట్టముల ఇంట చేరుట మంచిది. ఫోను అందుచోట పిలువవలసిన నెంబరు 108. జపమాలలో పూసలును అన్నియే గనుక ఈ నెంబరు మరచువారుండరు. 2005 ఆగస్టు 15వ తేదీన మన రాష్ట్రమున మొదలైన ఈ అంబులెన్సుకు పగలైనను రాత్రియైనను రుసుము లేదు.