‘మనవాళ్ళేనా?’ – పిల్లలు వింటున్నారు



క్లాసులో కొత్త ఫ్రెండ్ దొరికిందని మీ పాప సంబరంగా చెబుతుంది. ఆ తర్వాత మన ఇళ్లలో వచ్చే ప్రశ్నలు మీకు తెలియనివి కావు. వాళ్ళ నాన్న ఏం చేస్తారు? ఇంటిపేరేంటి? అడగడంలో చెడు ఉద్దేశమేమీ ఉండదు. కానీ జవాబు విన్నాక మన గొంతు కాస్త మారితే పాప ఇట్టే పట్టేస్తుంది. ఇలా మనకే తెలియకుండా మనలో పనిచేసే మొగ్గును అంతర్లీన పక్షపాతం అంటారు.

ఇంత చిన్న విషయానికి ఏమవుతుందిలే అనిపించవచ్చు. ఉత్తరప్రదేశ్ గ్రామాల్లో కార్లా హాఫ్, ప్రియాంక పాండే చేసిన ప్రయోగాన్ని ప్రపంచ బ్యాంకు 2004లో ప్రచురించింది. 6, 7 తరగతుల అబ్బాయిలకు మేజ్ పజిల్స్ ఇచ్చారు. కులం ప్రస్తావన లేనప్పుడు దళిత పిల్లలు, అగ్రకులాల పిల్లలు దాదాపు సమానంగా చేశారు. అందరి ముందూ పేరుతో పాటు కులం కూడా చదివాక దళిత పిల్లలు పూర్తిచేసిన పజిల్స్ తగ్గిపోయాయి. ఎవరూ తిట్టలేదు, వెక్కిరించలేదు. కులం పైకి చదివారు, అంతే!

పెద్దల సంగతీ చూడండి. రీమా హన్నా, లీ లిండెన్ మన దేశంలోనే టీచర్లతో పిల్లల జవాబుపత్రాలు దిద్దించారు. పత్రం పైన రాసిన కులం అసలుది కాదు, లాటరీ పద్ధతిలో వేసింది. అయినా నిమ్నకులం అని రాసి ఉన్న పత్రాలకు కొద్దిగా మార్కులు తగ్గాయి. ఆశ్చర్యమేమిటంటే, ఆ తేడా కనిపించింది నిమ్నకులాల టీచర్లు దిద్దిన పత్రాల్లోనే. కాబట్టి ఇది చెడ్డవాళ్ళు చేసే పని అనుకుని పక్కన పెట్టేయలేం. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో దిద్దేవారికి విద్యార్థి పేరు కనబడనివ్వరు. కారణం అర్థమైంది కదా?

ఇంట్లో అలా పేరు దాచే ఏర్పాటు ఉండదు. అందుకే ఈ నెల ఒకటి రెండు గమనించండి. బర్త్‌డేకి పిలిచే పిల్లల లిస్టు ఎవరు రాస్తున్నారు, అందులోంచి ఎవరి పేరు కొట్టేస్తున్నారు? ఫ్రెండ్ గురించి మీ మొదటి ప్రశ్న ఏమిటి? ‘ఏ ఆటలు ఆడతారమ్మా?’ అని మొదలుపెట్టి చూడండి, కబుర్లు ఎటు పోతాయో!

మరొకటి, వంటింట్లో పనమ్మాయికి విడిగా పెట్టిన గ్లాసు. ఎందుకని పిల్లలు అడిగితే శుభ్రత కోసమని చెప్పేస్తుంటాం. మరి చుట్టాలు తాగిన గ్లాసు కడిగి మనమే వాడుకుంటున్నాం కదా అని వాళ్ళు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవడం కన్నా ఆ గ్లాసును మిగతావాటితో కలిపేయడమే సులువు.